డబ్బా మీది బిడ్డ

తెల్లారేసరికి పడవలు ఒడ్డు చేరేవి. పల్లెపాలెం ఆడవాళ్లు ఇసకలో గుండ్రంగా కూర్చుని, రొయ్యలు ఒక పక్కకీ చేపలు ఒక పక్కకీ ఏరి, తట్టలకెత్తుకుని బందరు బజారుకు నడిచేవాళ్లు. ఎండెక్కాక తిరిగొచ్చిన చంటిపిల్లల తల్లులు గుమ్మంలోనే ఆగి, రొమ్ము పిండి నాలుగు చుక్కలు నేల మీద వదిలి, ఆ తరవాతే పిల్లని ఒళ్లోకి తీసుకునేవాళ్లు. ఎండలో తిరిగిన తల్లి పాలు వేడి చేస్తాయని అక్కడి నమ్మకం.

డెబ్భై అయిదు వేసవిలో బెజవాడ నుంచి వచ్చిన సంపూర్ణం సరిగ్గా ఆ చుక్కల దగ్గరే పట్టు దొరికించుకుంది.

ఆమె నర్సు కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పాలపొడి కంపెనీ డిపోలో ఉద్యోగం. తెల్ల చీర, తెల్ల టోపీ కంపెనీ ఇచ్చినవే. ప్రతి మంగళవారం సంచీ నిండా డబ్బాలతో బస్సు దిగేది. పాలెం అంతా ఆమెను నర్సమ్మగారనే పిలిచేది. ఆమె కాదనేది కాదు.

"వేడి పాలని మీకే తెలుసు కదా మాణిక్యం," అంది సంపూర్ణం, ఎల్లారావు ఇంటి గుమ్మంలో నిలబడి అతని పెళ్లాంతో. "నాలుగు చుక్కలు పారబోస్తే మిగతావి చల్లబడతాయా? ఆ వేడంతా పిల్లాడి కడుపులోకే గదా పోయేది!"

మాణిక్యం ఒళ్లో మూడు నెలల కాశీరావుని చూసుకుంది. తొలి కాన్పు. "అయితే ఏం చెయ్యమంటారండీ?"

"ఈ పొడి కలిపి పట్టు. మొదటి డబ్బా ఊరికే ఇస్తా. పెద్ద పెద్ద డాక్టర్ల పిల్లలు దీంతోనే పెరుగుతున్నారు."

అత్త పేరమ్మ చేపల తట్ట కడుగుతూ తలెత్తింది. "నా కొడుకుని ఎండలో తిరుగుతూనే పెంచాను. వాడికేం రోగమొచ్చింది?"

"అప్పటి రోజులు వేరండీ."

"రోజులు వేరా, రొమ్ములు వేరా?"

సంపూర్ణం నవ్వేసి డబ్బా గూట్లో పెట్టి వెళ్లిపోయింది.

డబ్బా మీద ఒక బొద్దు బిడ్డ, బోసినోరు తెరిచి నవ్వుతూ ఉండేవాడు. మాణిక్యం రెండో డబ్బా కొనేసరికి ఆ బొమ్మలోవాడికి కింది పన్ను వచ్చింది. డబ్బా ఉన్న ప్రతి ఇంట్లోనూ అంతే. కొత్త డబ్బా తెచ్చి పక్కన పెడితే బొమ్మల్లో పిల్లలు పాతదాని మీంచి దాని మీదకు పాకేవాళ్లు. నీళ్లకెళ్లిన కాలవ గట్టున ఆ కబుర్లే.

"మావాడు నిన్న బోర్లా పడ్డాడే."

"మాదానికి పిలక వెయ్యొచ్చు. మీవాడేం చేస్తున్నాడే మాణిక్యం?"

"కూర్చుంటున్నాడు," అనేది మాణిక్యం గర్వంగా. "అడ్డం కూడా పెట్టక్కర్లేదు."

ఒళ్లో ఉన్న కాశీ కూర్చోలేదు. మెడ కూడా నిలపలేదు. ఎల్లారావు వేటకెళ్లి తెచ్చిందంతా డబ్బాకే చాలేది కాదు. అందుకని మాణిక్యం నాలుగు చెంచాలు వెయ్యాల్సిన చోట ఒకటి వేసి, మిగతాది కాలవ నీళ్లతో నింపేది. సీసాలో రంగు తెల్లగానే కనపడేది. తాగేవాడు లేక ఆమె పాలు ఎండిపోయాయి.

తరవాత కాశీకి విరేచనాలు పట్టుకున్నాయి. మాడు గుంట పడింది. ఏడుపు గొంతు దాటి బయటకు రావడం మానేసింది.

"డబ్బా చాలట్లేదు," అంది సంపూర్ణం, వాణ్ణి ముట్టుకోకుండానే. "వారానికి రెండు కొనుక్కోవాలి నువ్వు."

ఆమె అటు వెళ్లగానే పేరమ్మ కోడలి ముందు కూలబడింది. "ఎవడి కొడుకుని సాకుతున్నావే నువ్వు?"

మాణిక్యం గూట్లోకి చూసింది. డబ్బా మీది బిడ్డ లేచి నిలబడ్డాడు. పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. ఒళ్లో తన బిడ్డ పక్కటెముకలు చూడగానే లెక్కకొస్తున్నాయి.

"నాకు పాల్లేవత్తా."

"నోటికివ్వు. లాగితే వస్తయ్. అందాకా మణెమ్మ ఇస్తది."

పక్కింటి మణెమ్మ మొగుడు పరమ పిసినారి. ఒక్క డబ్బా కూడా కొననివ్వలేదు. దాంతో ఆమె పాలు ఆమెకున్నాయి. తన కూతురికి ఒక పక్క, కాశీకి ఒక పక్క ఇచ్చి పంపేది. ఇంటికొచ్చాక మాణిక్యం వాణ్ణి తన ఎండు రొమ్ముకి పెట్టుకునేది. వాడు లాగి, ఏమీ రాక, చిగుళ్లతో కొరికి ఏడ్చేవాడు. ఆమె కూడా ఏడ్చేది. మళ్లీ పెట్టేది.

ఒక పొద్దున వాడి పెదవి మూల తడి కనిపించింది. ఆ పూటే డబ్బా మీది బిడ్డ నిలబడలేక కూర్చుండిపోయాడు.

కాశీ మెడ నిలబడుతున్న కొద్దీ డబ్బా మీదివాడి బుగ్గలు జారాయి. కాశీ ఒళ్లు చేస్తుంటే వాడి చేతులు పుల్లలయ్యాయి. పాలెం ఆడవాళ్లు గూటి ముందు గుమిగూడి, "భలే చిక్కాడే!" అని ముచ్చటపడ్డారు. ఇళ్లకెళ్లి సీసాలు పగలగొట్టి పిల్లల్ని ఒళ్లో వేసుకున్నారు.

తరవాతి మంగళవారం సంపూర్ణానికి ఎవరూ పీట వెయ్యలేదు. ఒక్కొక్కరే వచ్చి ఆమె సంచీలో డబ్బాలు పడేశారు.

"ఇంకా సగం పొడి ఉందండీ ఇందులో!"

"పొడి సంగతి ఎవరిక్కావాలి? నీ పిల్లల్ని నువ్వు తీసుకుపో," అంది పేరమ్మ.

"నా పిల్లలేంటండీ? నాకింకా పెళ్లే కాలేదు."

"మరి తెచ్చి మా ఇళ్ల మీద వదిలావేం?"

బస్సు పామర్రు దాటకముందే సంచీలో ఒకడు ఏడుపు మొదలెట్టాడు. వాడికి ఇంకొకడు తోడయ్యాడు. చివరికి అందరూ. సంపూర్ణం నీళ్లసీసాలో పొడి కలిపి, వేలు ముంచి, ఒక్కొక్కడి నోటికి రాసింది. వాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

కండక్టరు టిక్కెట్ల సంచీ సర్దుకుంటూ ఆమె దగ్గర ఆగాడు. "ముందు పిల్లలకి పాలివ్వమ్మా. టిక్కెట్టు తరవాత కొడతా."

మగవాళ్లు కిటికీల వైపు తిరిగిపోయారు. పక్క సీటులోని ముసలామె తన పమిట విప్పి ఆమెకు తెరలా పట్టుకుంది. "సిగ్గేమిటి తల్లీ, ఇవ్వు," అంది. చెయ్యి నొప్పెట్టినా దించలేదు. బస్సంతా మాటలాపి వేచి ఉంది. ఆ తెర వెనక సంపూర్ణం, ఒళ్లో డబ్బాలతో, కదలకుండా కూర్చుంది.

ఉయ్యూరులో దిగేసింది. డిపో ఇంకా చాలా దూరం. టోపీ సీటు మీదే ఉండిపోయింది. సంచీ రెండు చేతులా గుండెకు హత్తుకుని, రోడ్డు పక్కన మొదటి ఇంటి తలుపు తట్టింది. చంకలో బిడ్డతో ఒకామె తీసింది.

"కొంచెం తల్లిపాలు పోస్తారా అండీ?" అని అడిగింది సంపూర్ణం. "ఎన్ని చుక్కలైనా సరే."