రోడ్డుకే వెలుతురు

అమ్మను బస్సు గుద్ది చంపిన కూడలిలో చీకటి పడ్డాక కూడా సూది పడితే ఏరుకోవచ్చు. అంత వెలుతురు. అందుకే డ్రైవరు "మనిషి కనపడలేదు" అంటే ఎవరూ నమ్మలేదు. కూతురు అసలే నమ్మలేదు. బట్టల షాపులో మిషను కుట్టే పిల్ల, విచారణలో వాడి మొహం మీదే అబద్ధాలకోరని చెప్పి జైలుకి పంపాలని కాచుకుని ఉంది.

విచారణకు ముందు అక్కడే పరీక్ష పెట్టారు. చీకటి పడుతుండగా అలాంటి బస్సునే మెల్లగా నడిపించారు. అమ్మ రోడ్డు దాటిన చోట మేనమామ నిలబడ్డాడు. ఆయన గొంతుకి వీధంతా మైకు అని పేరు. కూతురు బస్సెక్కి డ్రైవరు సీటు పక్కన నిలబడింది, దొంగమాట కళ్లారా చూద్దామని.

ఎదురుగా, మనుషులు రోడ్డు దాటే తెల్లటి చారలు మెరుస్తున్నాయి. మావయ్య ఇంకా రాలేదేమని అడిగింది. బస్సు ఆగింది. అద్దం ముందు నుంచే కేక వినబడింది.

"ఇక్కడే ఉన్నానే! నన్నూ లేపేస్తారా?"

ఎవరో నవ్వారు. ఆమె మెట్టు మీద కూలబడింది.

దీపాల ఇంజనీరును పట్టుకుని నిలదీసింది. ఆయన దాచలేదు. దీపాల స్తంభాలు చారలకు అవతల ఉన్నాయి. వెలుగంతా మనిషి వెనక రోడ్డు మీద పడుతుంది. బస్సు లైట్లు మనిషి మీద వేసే కాస్త వెలుగూ, వెనక రోడ్డు మెరుపూ ఒకేలా ఉండి మనిషి అందులో కలిసిపోతాడు. స్తంభం చారలకు ఇవతల, బండి వచ్చే వైపు ఉంటే వెలుగు మనిషి మీద పడేది. అయినా లెక్క సరిగ్గానే ఉందంటూ వెలుతురు కొలిచే మీటరు నేల మీద పెట్టి చూపించాడు. ఆమె దాన్ని లాక్కుని, గుండెకి ఆనించి బస్సు వైపు తిప్పింది. అంకె దబ్బున పడిపోయింది.

"రోడ్డు మీద వెలుతురెంతో చూడమనే రూలమ్మా. మనిషి మీద చూడమని లేదు."

"చచ్చింది రోడ్డు కాదండీ."

విచారణలో చూసింది చూసినట్టు చెప్పింది. కేసు నుంచి బయటపడ్డ డ్రైవరు చేతులు జోడిస్తే మొహం తిప్పుకుంది. వాణ్ని వదిలిపెట్టించిందని మావయ్య ఆమెతో మాట మానేశాడు.

స్తంభాలు జరపడానికి గోతులు తవ్వాలి, అనుమతులు కావాలి అన్నారు దీపాల ఆఫీసు పెద్దలు. అవే స్తంభాలకు ఇంకా పెద్ద బల్బులు బిగించారు. మీటరు నేల మీద పెట్టారు, అంకె పెరిగింది, ఫొటో దిగారు. ఆ వారంలోనే అక్కడ కారు గుద్ది ఒక పంతులమ్మ కాలు పోయింది. ఆ కారువాడిదీ అదే మాట, కనపడలేదని.

మర్నాడు పొద్దుగూకగానే కూతురు రాళ్లతో కూడలికి వెళ్లింది. రెండు విసిరితే రెండూ గురి తప్పాయి. వెనకే వచ్చిన మావయ్య అన్నాళ్లకి నోరు విప్పాడు.

"అచ్చం మీ అమ్మ గురే నీది. జరుగు."

బల్బులు పగిలాయి. చీకట్లో బండ్లు జంకి నెమ్మదించాయి. వాటి లైట్లలో దాటే మనుషులు చెప్పుల నుంచి జుట్టు దాకా కనపడ్డారు. ఒకడు బ్రేకు కొట్టి బూతులు తిట్టాడు. తిట్టాడంటే చూశాడన్నమాటే.

పోలీసులు ఇద్దరినీ తీసుకెళ్లారు. పాదచారుల ప్రాణాలకు ముప్పు తెచ్చారని కేసు. సాక్షిగా ఇంజనీరును పిలిచి, పగలగొట్టక ముందు అక్కడ వెలుతురు సరిపోయేదా అని అడిగారు. ఆయన ఆమె వంక చూశాడు. తన పైఅధికారి వంక చూశాడు.

"సరిపోయేదండీ."

సాయంత్రానికల్లా అవే స్తంభాలకు కొత్త బల్బులు వెలిగాయి. జనం చారల మీద నడుస్తూనే ఉన్నారు.