తెర మీద గుండె

మా అమ్మ ఆస్తిపాస్తులేవీ ఇవ్వలేదు కానీ, తన పాడు గుండెను మాత్రం కూతుళ్లిద్దరికీ సమానంగా పంచింది. అందుకే అక్కకీ నాకూ ఛాతీలో చర్మం కింద బియ్యపుగింజంత పరికరం పెట్టారు. అందులో వెంట్రుక మందంలో వందో వంతు యాంటెన్నా ఉందట. అది గుండె లయను కంటికి కనిపించని వెలుగుగా పంపుతుంది. పైన ఆనించుకున్న బిళ్ల ఆ వెలుగును పట్టి ఆస్పత్రికి చేరవేస్తుంది. నాకు అర్థమైతే ఒట్టు.

బిళ్ల ఛాతీ మీంచి జారకూడదన్నది ఒక్కటే బుర్రకెక్కింది. దర్జీదాన్ని కదా, ఒకే తాను గుడ్డతో ఇద్దరికీ బనియన్లు కుట్టి, లోపల వలగుడ్డ జేబులు పెట్టాను. మా ఇద్దరిదీ ఒకటే కొలత.

ఈరోజు పొద్దున్నే ఆస్పత్రి నుంచి నర్సు ఫోను.

"మీ గుండె మధ్యమధ్యలో ఆగుతోందండీ. వెంటనే రండి."

"నేను మిషన్ తొక్కుతున్నానమ్మా!"

"ముందు అది ఆపండి."

అక్క హడలిపోయింది. తనూ వస్తానంది. "ఇద్దరం ఎందుకు, ఇంట్లో ఉండు" అని నేనే కసిరాను.

ఆస్పత్రిలో డాక్టరు గుండె విన్నాడు, నాడి పట్టుకున్నాడు. "భేషుగ్గా ఉందే!" అన్నాడు. నర్సు కంప్యూటరు తెర ఇటు తిప్పింది. నా పేరు కింద పచ్చగీత నాలుగుసార్లు లేచి, ఆగి, కాసేపటికి మళ్లీ లేచింది.

"ఎప్పటిదది?" అన్నాను.

"ఇప్పటిదే."

డాక్టరు వేళ్ల కింద నా నాడి టకటకా కొట్టుకుంటోంది. తెర మీద నా గుండె ఆగిపోయి ఉంది. నాకు మతిపోయింది. ఉన్నానో పోయానో తెలియక తొడ మీద గిల్లుకున్నాను. నొప్పి పుట్టింది. ఒళ్లు మండింది కూడా.

బిళ్లలు చూసే టెక్నీషియన్‌ను పిలిచారు.

"బిళ్ల ఎవరికైనా ఇచ్చారా అమ్మా?"

"ఇవ్వడానికి అదేమన్నా గొడుగా?"

అతను నా బిళ్ల తీయించి వెనకనున్న నంబరు చదివాడు. అది మా అక్క పేరున ఉంది. "బిళ్లకి మనిషి తెలీదమ్మా. కింద ఏ యాంటెన్నా ఉంటే దాన్నే వింటుంది" అన్నాడు.

నిన్న ఉతికే ముందు రెండు బిళ్లలూ తీసి, బనియన్లు ఆరాక మళ్లీ పెట్టింది నేనే. ఏది ఎవరిదో చూడలేదు. అంటే నా పేరున ఉన్న బిళ్ల అక్క ఒంటి మీద ఉంది. తెర మీద ఉన్నది అక్క గుండె. అక్క ఇంట్లో ఒక్కతే ఉంది.

నర్సు అంబులెన్సు పంపింది. నేను ఫోను చేశాను.

"ఏమన్నారే?" అంది అక్క.

"నాకేం లేదు. నీకెలా ఉంది?"

"నాకేమవుతుంది? నిన్నట్నుంచీ కళ్లు తిరుగుతున్నాయంతే. పొద్దున ఆ ఫోను విన్నాక ఎక్కువైతే, నీ గురించిన భయమే అనుకున్నా."

"తలుపు గడియ తీసి కింద కూర్చో అక్కా. మనుషులొస్తున్నారు. మాట్లాడుతూనే ఉండు."

"నువ్వేడుస్తున్నావేంటే? నిజం చెప్పు, నీకు..."

తెర మీద గీత ఆగింది. ఫోనులో మాటా ఆగింది. గదిలో ఎవరూ కదల్లేదు. ఎంతసేపో తెలియదు. గీత లేచింది.

"...ఏదో దాస్తున్నావు" అంది అక్క.