సర్వర్ అక్కర్లేని ప్రోగ్రామ్

సీతమ్మధారలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజారమణి, జ్యోతిర్మయి పక్కపక్కనే కూర్చునేవారు. ఇద్దరిదీ గాజువాకే. ఒకరు రాకపోతే మరొకరు బస్సు వదిలేసేంత స్నేహం. ఆ స్నేహానికి చీడ పట్టింది ఓ జావా ప్రోగ్రామ్ వల్ల.

పోర్టులో దిగిన కంటైనర్ల ఫైలును ఓ షిప్పింగ్ ఏజెన్సీ లెక్కతో సరిచూసే ప్రోగ్రామ్ అది. రోజారమణి దాన్ని స్ప్రింగ్ బూట్ అనే జావా సరంజామాతో రాసి, అలవాటు కొద్దీ వెబ్ సర్వర్ తగిలించింది. క్షణాల్లో ముగిసే పనికి ఆ సర్వర్ పొద్దస్తమానం నడవాలి. ఏజెన్సీ పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేక చతికిలబడింది. దాంతో మేనేజర్ అర్జునరావు పనిని జ్యోతిర్మయికి అప్పగించాడు. ఆమె స్ప్రింగ్ బూట్‌ను అలాగే ఉంచి, సెట్టింగుల్లో ఒక్క మాట మార్చి సర్వర్ తీసేసింది. ఇప్పుడు నల్లతెర మీద కమాండ్ కొడితే చాలు, ప్రోగ్రామ్ లేచి, పని ముగించి, తనంతట తనే ఆగిపోతుంది.

అర్జునరావు అందరి ముందూ మెచ్చుకున్నాడు. రోజారమణి చప్పట్లయితే కొట్టింది గాని, గుండెల్లో కుంపటి రాజుకుంది. రోజూ తను వాడే స్ప్రింగ్ బూటే కదా, తనకెందుకు తట్టలేదు? ఆనాటి నుంచి జ్యోతిర్మయి మామూలుగా నవ్వినా ఆమెకు గర్వంగానే కనిపించేది.

పనిగట్టుకుని తప్పు వెతికింది. దొరికింది. ఫైలు సగంలో తెగిపోతే ప్రోగ్రామ్ తెరమీద తప్పని రాస్తుంది గాని, ఆగిపోతూ కంప్యూటర్‌కు మాత్రం అంతా సవ్యమేనన్న సంకేతమిస్తుంది. ఆ సంకేతం అందగానే, సరుకు విడుదల చేయమని కంప్యూటర్ నుంచి పోర్టుకు కబురు వెళ్లిపోతుంది. పక్కకు తిరిగి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఏజెన్సీ వాళ్లు చూడ్డానికొచ్చిన రోజు, రోజారమణి తెగిన ఫైలొకటి తనే ఇచ్చి నడిపి చూడమంది. సరిచూడని కంటైనర్లకూ విడుదల కబురు తయారైంది. ఏజెన్సీ తరఫున వచ్చిన తిరుమలరావు, ఇది మాకు పనికిరాదని లేచి వెళ్లిపోయాడు. జ్యోతిర్మయి మొహం పాలిపోయింది. రోజారమణికి కడుపు చల్లబడింది.

అందరూ వెళ్లాక జ్యోతిర్మయి అడిగింది.

"నీకు ముందే తెల్సు గదే?"

"తెల్సు."

"మరి నాకు సెప్పుంటే పోయేదేటి?"

రోజారమణికి అబద్ధం నోటికి రాలేదు. "నిన్ను అందరూ మెచ్చుకుంతంటే సూళ్లేకపోయాను" అంది.

జ్యోతిర్మయి తన కంప్యూటర్ వైపు తిరిగింది. తప్పొస్తే తప్పనే చెప్పి ఆగేలా ప్రోగ్రామును సరిచేసింది. ఏజెన్సీ ఒప్పుకుంది. లోపం పట్టినందుకు రోజారమణినీ అర్జునరావు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ముల్లులా గుచ్చుకుంది.

జ్యోతిర్మయి కొత్తగా చేరిన రాధ పక్కకు మారిపోయింది. వాళ్లిద్దరూ ఒకే తెరమీదికి వంగి ఏదో అనుకుంటుంటే, రోజారమణి తలెత్తకుండా టైపు చేస్తూ, తన చోటు తీసుకున్న రాధ ఏమందోనని చెవులు రిక్కించేది.