లిఫ్టులో నా గొంతు

పెళ్లయిన కొత్తలో నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. ఆయన చొక్కాల పక్కన నా చీరలు వేలాడటం ముద్దు. ఒకే తాళానికి రెండు చెవులుండి, అందులో ఒకటి నాదవడం ముద్దు. గోడకు మేకు కొట్టబోయి వేలి మీద కొట్టుకుని, నేను చూశానా లేదా అని ఆయన దొంగచూపు చూడటం మరీ ముద్దు. నలుగురిలో ‘మీరు’ అనాలని, ఇద్దరమే ఉన్నప్పుడు ‘నువ్వు’ అనుకోవచ్చని మా ఒప్పందం. నేను రోజూ తారుమారు చేసేదాన్ని.

కానీ ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. కంపెనీ వాళ్లిచ్చిన ఏడో అంతస్తు ఫ్లాటులో పగలంతా నేనొక్కదాన్నే. గోడలకు చెవులుంటాయంటారు గానీ, మా గోడలకు నోరు కూడా ఉంటే ఎంత బావుండేదో. పొయ్యి మీద పాలతో మాట్లాడేదాన్ని. ఎదురింటావిడ, అదే కంపెనీలో అకౌంట్స్ మేనేజరు గారి భార్య, తలుపు సందులోంచి ఒక నవ్వు నవ్వి తలుపేసుకునేది. ఆ నవ్వుతోనే సాయంత్రం దాకా గడిపిన రోజులున్నాయి.

మా ఆయన కంపెనీ పని లిఫ్టులు చూసుకోవడం. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఎర్ర బటన్ నొక్కాలి. రాత్రయినా పగలయినా ఒక మనిషి పలికి, ధైర్యం చెప్పి, మెకానిక్‌ని పంపాలి. భవనాల వాళ్లు నెలనెలా కట్టేది అందుకే. ఆ ఫోన్లు నడిపే ఇంజనీరు మా ఆయన.

ఒకరోజు వస్తూనే, “మా చైర్మన్‌కి నీ గొంతు కావాలట” అన్నాడు.

“ఎందుకు, పిసకడానికా?”

“రికార్డింగుకి. లైన్లన్నీ బిజీగా ఉన్నప్పుడు ఒక్క నిమిషం నీ గొంతు వినిపిస్తుంది. ఈలోగా మనిషి అందుకుంటాడు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నాడు. ఎవరయ్యా ఆ అమ్మాయి, వింటుంటేనే హాయిగా ఉంది అన్నాడు.”

“మరి నువ్వేమన్నావు?”

“మా ఆవిడేనండీ, ఇంట్లో ఆపడమే కష్టం అన్నాను.”

ఆ వారమే తీసుకెళ్లాడు. అద్దాల గదిలో నన్ను కూర్చోబెట్టారు. అద్దానికి అవతల మా ఆయన. ‘చెప్పండి.’ ‘ఆఁ, అర్థమైంది.’ ‘మనిషి బయలుదేరాడు.’ ఇలాంటివే నాలుగైదు ముక్కలు. ‘భయపడకండి, నేను వింటున్నాను’ అని చదువుతుంటే ఆయన అటునుంచి కోతి మొహం పెట్టాడు. మాట మధ్యలో ఫక్కున నవ్వు జారింది. మళ్లీ చదువుతానన్నాను.

“వద్దమ్మా, ఉండనీ” అన్నాడు చైర్మన్. పొడుగాటి మనిషి, నెమ్మదైన మాట. తన చేత్తో మంచినీళ్ల గ్లాసు అందించాడు. “ఆ నవ్వు కొందామన్నా దొరకదు.”

అమ్మకు ఫోన్ చేసి చెబితే, “నవ్వు నాలుగు విధాల చేటే, పిచ్చి మొహమా” అంది, తనూ నవ్వుతూనే. ఊళ్లో ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా వాళ్లకు తోడు నేనే కదా అని, ఆ రాత్రి చాలాసేపు మురిసిపోయాను.

తర్వాత ఒక మధ్యాహ్నం కూరగాయల సంచీతో ఎక్కితే మా లిఫ్టే ఆగిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. భయమేం వేయలేదు. గొప్పగా బటన్ నొక్కాను.

“చెప్పండి” అంది నా గొంతు.

భలే నవ్వొచ్చింది. మనిషి అందుకుంటాడని ఎదురుచూశాను. “ఆఁ, అర్థమైంది” అంది. నేనింకా ఏమీ చెప్పనే లేదు. “మనిషి బయలుదేరాడు” అంది. కాసేపటికి మళ్లీ “చెప్పండి.” లోపల గాలి వేడెక్కింది. “నేనేనండీ, మా ఆయన్ని పిలవండి” అని అరిచాను. “భయపడకండి, నేను వింటున్నాను” అని నా గొంతు నవ్వింది.

పక్కన ఎవరూ లేకపోతే అదొక తీరు, ఇంట్లో అలవాటయిందే. నాతో నేనే మాట్లాడుతూ, ఆ నేను కూడా నా మాట వినకపోతే ఎలా ఉంటుందో ఆ పెట్టెలో తెలిసింది. వంకాయలు దొర్లిపోతుంటే ఏరుకోకుండా కూర్చుండిపోయాను. తలుపు బాదీ బాదీ చేతులు ఎర్రబడ్డాక వాచ్‌మన్ విని, గడ్డపలుగుతో తెరిచాడు.

రాత్రి ఆయన అన్నానికి కూర్చోగానే జరిగింది చెప్పి అడిగాను.

“ఫోన్లు ఎత్తే హాల్లో ఎంతమంది ఉంటారు?”

“ఉంటారు.”

“ఎంతమంది అని అడిగాను.”

ఆయన కంచంలో గీతలు గీశాడు. “ఎవరూ లేరు. నీ రికార్డింగు అయిన వెంటనే అందర్నీ పంపేశాడు. మెకానిక్‌లనీ సగానికి సగం తీసేశాడు. ఎత్తారా లేదా, ఎంతసేపట్లో ఎత్తారు, అదొక్కటే చూస్తారు అందరూ. మిషన్ వెంటనే ఎత్తుతుంది కదా.”

“మరి ఇరుక్కున్నవాళ్లు?”

“ఎవరో ఒకరు తీస్తారు. నిన్ను తీయలేదూ?”

అన్నాక తనకే సిగ్గేసినట్టుంది, తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నీ చెప్పాడు. అలా మిగిల్చింది లాభమని చూపించి కొత్తవాళ్ల చేత వాటాలు కొనిపించడం, వాళ్ల సొమ్మే పాతవాళ్లకు లాభమని పంచడం, మధ్యలో చైర్మన్ ఇళ్ల మీద ఇళ్లు కొనడం. ఇప్పుడు ఊళ్లో ఆసుపత్రుల లిఫ్టులన్నిటి కాంట్రాక్టు చేతికొచ్చేలా ఉంది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. ఆ కాంట్రాక్టు వస్తే మళ్లీ మనుషుల్ని పెడతానన్నాడు. తనిఖీ ఒక్కటి గట్టెక్కాలి. లేకపోతే నా ఉద్యోగం, ఈ ఇల్లు, రెండూ పోతాయి.” కంచం పక్కకు జరిపాడు. “ఆ రోజు నువ్వు వచ్చి కూర్చోవాలి. తనిఖీకొచ్చే అధికారి ఒకావిడ, లిఫ్టులోంచి బటన్ నొక్కి మాట్లాడుతుంది. గొంతు కలవాలి కదా.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“నువ్వంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను?”

తనిఖీ రోజు వెళ్లాను.

ఫోన్లెత్తే హాలు కూడా చూస్తారని, నిండా జనాన్ని కూర్చోబెట్టారు. డ్రైవర్లు, వాళ్ల భార్యలు, క్యాంటీన్ వాళ్లు, అందరి చెవులకూ ఫోన్లు. ఒక్కటీ పనిచేయదు, నాది తప్ప. ఎదురింటావిడ నా పక్క కుర్చీలోకి వచ్చి, “నీ చీర బావుందమ్మాయ్, ఎక్కడ కొన్నావు?” అంది. పెళ్లయి వచ్చాక నన్ను పలకరించిన మొదటి మాట అది. అంత మోసం మధ్యలో కూర్చుని కూడా నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం వాళ్లింటికి రమ్మంది. వస్తానన్నాను.

నా ఫోను మోగింది. అధికారి, తనిఖీ కోసం మా లైను కలిపిన ఒక ఆసుపత్రి లిఫ్టులో ఉంది. చైర్మన్ నా వెనక నిలబడి, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కాడు.

“చెప్పండి” అన్నాను.

“మీరు మనిషేనా?”

“మనిషినేనండి.”

“ఆమధ్య మా అక్కావాళ్ల బిల్డింగులో ఎత్తింది కూడా మీరే. అక్క చెప్పిన గొంతు ఇదే.”

చైర్మన్ తల ఊపాడు. “అవునండి” అన్నాను.

“భయపడకండి అంటూ నవ్వారట. ఊపిరాడక మా అక్క ఏడుస్తుంటే నవ్వారట. ఇప్పటికీ లిఫ్టు ఎక్కదు, మెట్లెక్కుతుంది మోకాళ్ల నొప్పులతో. తిట్టడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. ఎందుకు నవ్వారు?”

చైర్మన్ వంగి, “పొరపాటైందండీ అను, చాలు” అని చెవిలో అన్నాడు. నిజానికి అది చాలు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, సాయంత్రం ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది. అద్దాల గదిలో ఉన్న మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

“మీ అక్కగారిని చూసి నవ్వలేదండి” అన్నాను. “ఆవిడ ఏడుపు నేను వినలేదు. నేను నవ్వింది మా ఆయన్ని చూసి, ఎప్పుడో. అది రికార్డింగు.”

అధికారి వెంటనే అడిగింది.

“ఆ హాల్లో రోజూ ఎంతమంది ఉంటారు?”

“ఈ రోజు తప్ప ఎవరూ ఉండరండి.”

చైర్మన్ చెయ్యి చాచి లైను కట్ చేశాడు. “ఎంతమంది నోటి దగ్గర కూడు తీశావో తెలుసామ్మా?” అన్నాడు, అదే నెమ్మదైన గొంతుతో. ఎదురింటావిడ కుర్చీ అవతలికి జరుపుకుంది.

ఆ తర్వాత అధికారి మనుషులు ఊరంతా తిరిగి ఎర్ర బటన్లు నొక్కారు. ప్రతి చోటా అదే నవ్వు. కాంట్రాక్టు పోయింది. భవనాల వాళ్లు ఒకరి వెనక ఒకరు మానుకున్నారు, వాటాలు కొన్నవాళ్లు గేటు ముందు కూర్చున్నారు. జీతాలు ఆగాయి. చైర్మన్ గుండెనొప్పని ఆసుపత్రిలో చేరితే, అక్కడే మంచం పక్కన పోలీసులు కుర్చీ వేసుకున్నారు.

మేం ఒంటిగది ఇంటికి మారాం. సామాను దించుతుంటే మెట్ల మీద ఎదురైన కంపెనీ డ్రైవరు భార్య నన్ను చూసి, బిడ్డను అటువైపు ఎత్తుకుంది. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. టీ తాగి కప్పు కడిగి బోర్లించేవాడు. నలుగురిలోనూ, ఇద్దరమే ఉన్నప్పుడూ, ఏ పేరుతోనూ పిలవడం మానేశాడు. ఆ చిన్న గదిలో మేం ఒకరికొకరం తగలకుండా తిరగడం నేర్చుకున్నాం.

ఒక్కొక్కర్నీ విచారణకు పిలుస్తున్నారు. చైర్మన్ లాయరు ఇంటికొచ్చి, “నాకేమీ తెలియదని ఒక్క ముక్క అనండి, మీ జోలికి ఎవరూ రారు. అందరూ అలాగే అన్నారు” అని చెప్పి వెళ్లాడు. మా ఆయన ఔననలేదు, కాదనలేదు. మర్నాడు చొక్కా వేసుకుంటుంటే నేనూ చెప్పులేసుకున్నాను. వద్దనలేదు.

విచారణ జరిగే కార్యాలయం నడవాలో ఒకటే చిన్న బెంచీ. నన్ను అక్కడ కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు. తలుపు సరిగా పడలేదు. విచారణాధికారి ఏదో అడిగాడు. తెలియదంటాడేమోనని నేను కొంగు మెలిపెడుతున్నాను. అలా అన్నా, మళ్లీ ఆయనతోనే కదా మా ఒంటిగదికి వెళ్లాలి.

“తెలుసండి” అన్నాడు చివరికి. “అమర్చింది నేనే. మాటకీ మాటకీ మధ్య ఖాళీలు పెట్టింది నేనే. ఎవరైనా ఏడుస్తారనుకున్న చోట ఖాళీ కాస్త ఎక్కువ ఉండేలా చేశాను. అప్పుడు నిజంగా ఎవరో వింటున్నట్టే ఉంటుందని.”

అది నాకు కూడా తెలియదు.

టైపు చప్పుడు ఆగింది. “ఇంకా?” అన్నాడు అధికారి. మా ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా చిన్నగా. నడవాలో ఎవరూ లేరు. ఆయన బయటికొచ్చేది ఇటే. బెంచీ మీద గోడవైపుకు జరిగి, ఒక మనిషి పట్టేంత చోటు చేసి కూర్చున్నాను.