అరుగు పెరిగిన ఏడు

పొద్దు పొడవకముందే కాలేషా మునిసిపల్ ఆఫీసు తాళం తీసి, బొక్కెనతో నీళ్లు తెచ్చి, అరుగు మీద పడుకున్నవాళ్లని లేపేవాడు. ముందు పిలిచేవాడు. లేవనివాళ్ల కాళ్ల దగ్గర చీపురు ఆడించేవాడు. అందరూ లేచి మూటలు తీసుకున్నాకే నీళ్లు చల్లేవాడు. బంట్రోతుగా చేరిన ఇరవై రెండేళ్లలో ఆ మర్యాద ఒక్కనాడూ తప్పలేదు.

అరుగు నాపరాళ్లది. ఎంతమంది పడుకుంటే అంత పొడుగు సాగేది. పంటలు పండిన ఏడు నాలుగు రాళ్లకి మించేది కాదు, చిటికెలో చిమ్మేసేవాడు. యుద్ధం మొదలైన నాలుగో ఏడు, వరసగా రెండు వానాకాలాలు ఎండగట్టేసరికి, మెట్ట ఊళ్ల జనం మూటాముల్లే నెత్తినెట్టుకుని వచ్చిపడ్డారు. అరుగు ఆఫీసు గోడ దాటింది. వీధి మలుపు తిరిగింది. చైర్మన్ ధనుంజయరావు బియ్యం కొట్టు ముందరికొచ్చి ఆగింది.

"ఈ మధ్య అరుగు చానా పెరిగింది" అనుకునేవాళ్లు దారినపోయేవాళ్లు, ఎండలు పెరిగాయన్నట్టు. బండ్లు తిప్పుకునే చోటు లేదని కొట్లవాళ్లు సణిగేవాళ్లు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ కొసన, కొట్టు ముందరి రెండు రాళ్లూ కోటయ్యవీ, అతని పెళ్లాం వెంకమ్మవీ. జొన్నచేను మాడిపోయి, ఎడ్లనమ్ముకుని, బొల్లాపల్లి నుంచి నడిచొచ్చారు. వెంకమ్మకి చిన్నప్పుడే అమ్మవారు పోసి కళ్లు పోయాయి. కాలేషా అక్కడిదాకా చిమ్ముకుంటూ వచ్చి నడుము పట్టుకుంటే, కోటయ్య చీపురు లాక్కుని మిగతాది తనే చిమ్మేవాడు.

"నీకెందుకన్నా?" అనేవాడు కాలేషా.

"రోజంతా చెయ్యి చాపేదే గదా తమ్ముడూ. కాసేపు పని చెయ్యనియ్యి."

మాఘమాసంలో సబ్ కలెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. కౌన్సిల్ కూర్చుంది. కాలేషా టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నాగభూషణరావు అనే ముసలి మెంబరొకాయన, "పూటకింత గంజి పోయిద్దాం" అన్నాడు.

"గంజి పోస్తే అరుగు మాచర్ల దాకా పోద్ది" అన్నాడు ధనుంజయరావు. అందరూ నవ్వారు.

చివరికి తీర్మానం రాశారు. ఊరివాళ్లయితే మెడలో ఇత్తడి బిళ్ల వేసుకుని అడుక్కోవచ్చు. బయటివాళ్లని బండెక్కించి పొలిమేర అవతల, పాడుబడ్డ సున్నపుబట్టీల దగ్గర వదిలిపెట్టాలి.

"ఎవరు ఊరోళ్లో, ఎవరు కాదో ఎట్టా తెలుస్తది?" అన్నాడు నాగభూషణరావు.

"రోజూ లేపేది మన కాలేషానేగా. వాడు చెప్తాడు" అన్నాడు ధనుంజయరావు.

సోమవారం తెల్లారాక, కాలేషా ముందు నడిచాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక సామ్యేలు ఎడ్లబండి. కాలేషా ఒక్కొక్కరి ఊరూ చెప్పుకుంటూ పోయాడు. కొసకి వచ్చేసరికి ధనుంజయరావు కొట్టు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"నువ్వు ఊరోళ్లమంటే ఉంటాం తమ్ముడూ" అన్నాడు కోటయ్య గొంతు తగ్గించి. "ఇప్పుడిప్పుడే దీనికి ఈ వీధి కాలికి తెలిసింది. కొత్త చోటయితే అడుగు తీసి అడుగెయ్యలేదు."

"ఏరా, వీళ్లది ఏ ఊరు?" అన్నాడు ధనుంజయరావు.

కాలేషా పింఛనుకి ఇంకా మూడేళ్లుంది.

"బొల్లాపల్లండయ్యా" అన్నాడు.

వెంకమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. బండి కదిలేదాకా అటే ఉంచింది.

వారం తిరక్కుండా అరుగు ముడుచుకుని నాలుగు రాళ్లకి వచ్చేసింది. వీధి శుభ్రంగా ఉందని సబ్ కలెక్టరు మెచ్చుకుని పోయాడు. కొట్టు ముందర రెండు రాళ్లు మాత్రం విడిగా మిగిలిపోయాయి. మేస్త్రీలొచ్చి గడ్డపారలతో పెకలించి పారేస్తే, మర్నాటికి మళ్లీ అక్కడే ఉన్నాయి. "పోనీలేరా, బస్తాలు దించుకోడానికి పనికొస్తాయి" అన్నాడు ధనుంజయరావు. కాలేషా రోజూ అంతదూరం పోయి వాటినీ చిమ్మి వచ్చేవాడు. ఆ ముసలాళ్లిద్దరూ ఎక్కడో బతికే ఉన్నారని వాటిని చూసి ధైర్యం తెచ్చుకునేవాడు.

పదోరోజు పొద్దున ఒక రాయే ఉంది. రెండోది ఉండాల్సిన చోట మట్టి, ఎన్నడూ రాయి ఎరగనట్టు గట్టిగా ఉంది. కాలేషా చీపురు అక్కడే వదిలేశాడు. ఎవరినీ సెలవడగలేదు. బట్టీల దారి పట్టాడు.

మిట్టమధ్యాహ్నానికి చేరాడు. వెంకమ్మ బట్టీ గోడకి చేరగిలబడి ఉంది. కాస్త దూరంలో పచ్చి మట్టి గుట్ట, దాని మీద నాలుగు సున్నపురాళ్లు. విరేచనాలు పట్టుకుని కోటయ్య రెండు రోజుల్లో పోయాడని పక్కనున్నవాళ్లు చెప్పారు.

"అక్కా" అన్నాడు కాలేషా.

ఆమె తల ఎత్తింది. "ఊరు చెప్పింది నువ్వేగా?"

"నేనేనక్కా."

"నేను తిట్టబోతే ఆయన తిట్టనియ్యలా. పాపం పిల్లలు గలోడేమోనే, ఏం చేస్తాడు, అన్నాడు." ఆ వెంటనే అడిగింది. "ఉన్నారా?"

"లేరు" అన్నాడు కాలేషా. "నాకెవరూ లేరక్కా."

ఎండ గోడ దిగి వెంకమ్మ పాదాల మీదకి వచ్చింది. అప్పుడామె చెయ్యి చాపింది.

"నాకు దారి కనపడదు. పట్టుకో."

మసీదు వెనక తన మట్టి ఇంటికి తీసుకుపోయాడు. ఆమె గడప దాటిన పూటే కొట్టు ముందరి రాయి కనపడకుండా పోయింది. తీర్మానం పూర్తిగా అమలైందని ధనుంజయరావు మినిట్సు పుస్తకంలో రాయించాడు. బయటివాళ్లని ఊళ్లో పెట్టుకున్నందుకు కాలేషా బంట్రోతు పట్టీ, బిళ్లా వెనక్కి తీసుకుని ఉద్యోగంలోంచి తీసేశారు. పింఛను రాలేదు. ఆ పైన అతను మిల్లులో బస్తాలు మోశాడు.

వెంకమ్మ ఆ ఇంట్లో నాలుగేళ్లు బతికింది. తమ్ముడని గానీ, కాలేషా అని గానీ ఒక్కసారీ పిలవలేదు. అతను వండి చేతిలో పెట్టిన ముద్దని మాత్రం ఏనాడూ కాదనలేదు.