నిద్రలో మాట

కళ్లజోళ్ల షాపాయనకి గురక. పక్కింటివాళ్లు గోడ తట్టేంత గురక. భార్య పోయాక ఈ రెండేళ్లలో అది మరీ ముదిరింది. నిద్రలో ఊపిరి ఆగిపోతోందేమోనని హడలిపోయి కూతురు ఆయన వేలికి ఓ ఉంగరం తొడిగింది, ఫోన్‌లో ఓ యాప్ పెట్టింది. ఉంగరం గుండెనీ ఊపిరినీ కనిపెట్టుకుని ఉంటుంది. ఫోన్ గురకని రికార్డు చేస్తుంది.

మొదటి వారం ఆయనకి భలే సరదాగా ఉంది. పొద్దున్నే షాపు తెరిచి, ఫ్రేములు తుడుస్తూ తన గురక తనే వినేవాడు.

"అబ్బో, లోడు లారీ ఎత్తెక్కుతున్నట్టుందే!" అని నవ్వుకునేవాడు.

ఎనిమిదో రోజు గురక మధ్యలో ఆగింది. కాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత తన గొంతే, మెత్తగా: "వస్తున్నా... ఇదుగో, లేస్తున్నా."

చేతిలో ఫ్రేము జారి బల్లమీద పడింది.

భార్య మంచాన ఉన్న ఐదు నెలలూ, రాత్రి ఆవిడ పిలిచినప్పుడల్లా అదే మాట అని లేచేవాడు. ఒక్క రాత్రి తప్ప. ఆ రాత్రి ఒళ్లు హూనమై, పిలుపు వినపడినా కళ్లు మూసుకుని పడుకున్నాడు. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. "నిద్రలోనే పోయింది" అని తెల్లారి అందరికీ చెప్పాడు.

ఇక రోజూ రికార్డులో అదే మాట. వినకుండా ఉండలేకపోయాడు. షాపులో చూపు పరీక్షకి కూర్చున్నవాళ్లు బోర్డుమీద అక్షరాలు చదువుతుంటే, ఈయన చెవిలో ఇయర్‌ఫోన్.

వారం రిపోర్టు, రికార్డులతో సహా, కూతురి ఫోన్‌కి కూడా వెళ్తుందని ఆయనకి తెలీదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"నాన్నా, నిద్రలో ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"మీ అమ్మతో." దాచడం ఇక ఆయన వల్ల కాలేదు. "చివరి రాత్రి పిలిచిందమ్మా. మెలకువగానే ఉన్నా. లేవలేదు."

కూతురు గుమ్మంలోనే తల దించుకుని కూర్చుండిపోయింది.

"నేనూ విన్నా నాన్నా. పక్కగదిలోనే ఉన్నాగా. నువ్వు లేస్తావులే అనుకున్నా."

ఇద్దరికీ ఏడుపు రాలేదు. తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే పొద్దు వాలింది.

డాక్టరుకి చూపిస్తే, ముక్కుకి మాస్కు తగిలించుకుని పడుకునే ఊపిరి మిషను ఇచ్చాడు. దాంతో నెల తిరిగేసరికి గురక దారికొచ్చింది. మాట మాత్రం పోలేదు, మాస్కులోంచి గొణుగుడులా వచ్చేది. ఒకరోజు కూతురే ఆ యాప్ తీసేసింది. ఆయన వద్దనలేదు.

ఇప్పుడు నిద్రలో ఏమంటున్నాడో ఆయనకి తెలీదు. కానీ కొన్నిసార్లు పొద్దున మెలకువ వచ్చేసరికి మాస్కు పక్కన తీసి ఉంటుంది. కాళ్లు నేలమీద ఆనించి, మంచం అంచున లేవబోతున్నవాడిలా కూర్చుని ఉంటాడు.