వడ్ల బస్తాలు విన్న ప్రసంగం

కొత్త చర్చి కట్టుకున్నాక మా కోవూరు సంఘానికి దేవుని వాక్యం వినపడటం మానేసింది. తప్పు దేవుడిది కాదు, పాస్టరుగారిది అంతకన్నా కాదు. నున్నటి గోడలు, ఎత్తయిన స్లాబు, నేలంతా గ్రానైటు. ఆయన ఒకసారి "ప్రియులారా" అంటే మాకు మూడుసార్లు వినపడేది. ఆ తర్వాతి మాట ఒక్కసారి కూడా వినపడేది కాదు.

మైకు సెట్టు మా నాన్న టైటస్‌ది. సంఘ పెద్ద హెబ్రోనుగారు విసుక్కున్నప్పుడల్లా నాన్న ఇంకో స్పీకరు బాక్సు తెచ్చి పెట్టేవాడు. మోత ఇంకా పెరిగేది. పంట పండుగ అయ్యాక నెల్లూరు నుంచి వేరేవాళ్లను పిలుస్తామని పెద్దలు చెప్పేశారు.

ఆ చిరాకంతా కూతురినైన నా మీదికి మళ్లింది. నాది డిగ్రీ ఆఖరి సంవత్సరం. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతానని నేను, బ్యాంకు కోచింగ్‌లో చేరమని నాన్న. దరఖాస్తుకు గడువు దగ్గర పడుతోంది. నాన్న ఊ అంటే తప్ప కదలదు.

"ఫిజిక్స్ చదివి ఏం జేస్తావు మే?"

"కాలేజీలో పాఠాలు చెప్తా. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మిషన్ల దగ్గర పనుంది. పెద్ద పెద్ద హాళ్లకి సౌండు లెక్కగట్టే పనుంది. శ్రీహరికోట ఉండనే ఉంది."

"ఆడ ఎగిరేది రాకెట్టు. నువ్వు నేల మీద ఉండు."

"సరే, నేల మీది సంగతే చెప్తా. చర్చిలో బాక్సులు తగ్గించు నాయనా. వెనక గోడకి మెత్తంది ఏదన్నా కట్టు."

"పుట్టినప్పట్నుంచీ మైకుల్లో బతికినోడికి నువ్వు చెప్తావా?"

నాకు ఒళ్లు మండింది. నాన్న చెవులతో వింటేగానీ నమ్మడు. సరే, వినిపిద్దాం అనుకున్నాను.

పంట పండుగకు ఇంటికో గోనె బస్తా వడ్లు కానుకగా వస్తాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఏటా బస్తాలను ముందు వేదిక పక్కన పెడతారు. ఈసారి ఆ పని నేను మీదేసుకుని, మా చిన్నాన్న కొడుకు వినోద్ చేత వెనక గోడ పొడవునా ఎత్తుగా పేర్పించాను. వాడు మోసినంతసేపూ నన్ను తిట్టాడు.

ఆదివారం పాస్టరుగారు "ప్రియులారా" అన్నారు. ఒక్కసారే వినపడింది. ఆయనే ఉలిక్కిపడి ఆగారు. తర్వాత ప్రసంగమంతా మాట మాటా తేటగా వచ్చింది. ముందు వరసలో మగ్దలీనమ్మవ్వ లేచి, "నా చెవులు బాగయినాయి, దేవునికి స్తోత్రం!" అంది. నాన్న ఆంప్లిఫయర్‌ని ముద్దుగా నిమిరాడు. నాకు నవ్వాగలేదు.

వేలం మొదలైంది. పాడుకున్నవాళ్లు పాడుకున్న బస్తాను భుజానెత్తుకుని పోతున్నారు. గోడ ఖాళీ అవుతున్న కొద్దీ మోత తిరిగొచ్చింది. చివరి బస్తాల దగ్గరికి వచ్చేసరికి హెబ్రోనుగారు ఒక్కసారి "ఒకటోసారి" అంటే జనానికి మూడుసార్లు వినపడి, వేలంపాట ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు.

నాన్న మైకు చూశాడు, బాక్సులు చూశాడు. బోసిపోయిన వెనక గోడను చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కళ్లు దించలేదు.

"ఏం టైటస్, నెల్లూరోళ్లకి ఫోన్ చెయ్యమంటావా?" అన్నారు హెబ్రోనుగారు.

నాన్న ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "వద్దు పెద్దయ్యా. ఆ గోడకి ఏం కట్టాల్నో, ఎంత కట్టాల్నో మా ఏంజెలిన్ లెక్కగట్టి చెప్తాది. బస్తాలు ఆడ పేర్చింది అదే."

"దాన్ని బ్యాంకు కోచింగ్‌లో చేరుస్తానంటివి గదా? అది అడిగే ఆ ఫిజిక్స్ చదివి ఏం జేస్తాది రా?" అంది మగ్దలీనమ్మవ్వ.

"పొద్దున నీ చెవులు బాగు చేసింది గదా అవ్వా. అదే జేస్తాది. మా పాప ఎమ్మెస్సీకి పోతాది."

మైకు ఆపలేదు. ఆ ఆఖరి మాట చర్చి అంతా వినపడింది, మూడుసార్లు.